మిల్లు వదిలిందే మేత: తెలుగునాట కోళ్ల దాణా చరిత్ర

మొక్కజొన్నను పక్కన పెడితే, కోళ్ల దాణాలో కలిసే సరుకుల్లో చాలా మటుకు వేరే పరిశ్రమలు తమ పని ముగించుకుని వదిలిపెట్టినవే. బియ్యం మిల్లు తౌడును, నూకలను వదులుతుంది. నూనె మిల్లు చెక్కను వదులుతుంది. మనుషులు తినని చిన్నాచితకా చేప సముద్రపు ఒడ్డున ఎండి పొడిగా మారుతుంది. వీటిని ఉపఉత్పత్తులు అంటారు. వీటిలో ఏ ఒక్కటీ కోడికి సంపూర్ణాహారం కాదు. ఒకదానిలో మాంసకృత్తులు ఉంటే సున్నం ఉండదు. ఇంకొకదానిలో భాస్వరం ఉన్నా కోడికి అరగదు. మరొకదానిలో బూజు విషం దాగి ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి, ఆ కీడు విరవడానికి టన్నుకు కిలోల్లో, గ్రాముల్లో కలిపేవే ఫీడ్ అడిటివ్‌లు.

తెలుగునాట కోళ్ల పెంపకం పెరటి నుంచి పరిశ్రమగా ఎదిగిన చరిత్రను ఈ రెండింటి చరిత్రగా చదవవచ్చు. కొత్త ఉపఉత్పత్తి చేతికొచ్చినప్పుడల్లా దాణా చౌకైంది. ఆ వెంటే దాని లోపమూ బయటపడింది. ఆ లోపానికి విరుగుడుగా కొత్త అడిటివ్ వచ్చింది. విరుగుడే కొత్త చిక్కు తెచ్చిన సందర్భమూ ఉంది.

పెరటి కోడి తిండి

వాణిజ్య పెంపకం రాకముందు ఊళ్లో కోడికి దాణా అంటూ వేరే ఉండేది కాదు. పొద్దున్నే గంప ఎత్తితే కోళ్లు వీధిన పడేవి. వడ్లు దంచిన చోట రాలిన నూకలు, చెరిగినప్పుడు మిగిలిన చిట్టు, కళ్లంలో చెదిరిన గింజలు, పెంటకుప్పలో పురుగులు, పుట్టలో చెదలు, గోడవార మొలిచిన పచ్చిగడ్డి వాటి తిండి. మెట్ట ప్రాంతాల్లో వడ్ల స్థానంలో జొన్నలు, సజ్జలు, కొర్రలు ఉండేవి. సాయంత్రం గూటికి చేరేముందు ఇల్లాలు గుప్పెడు నూకలు చల్లితే అది పైమేత.

ఈ తిండి కొద్దిదే అయినా అందులో కొరత తక్కువ. పురుగులు, చెదలు మాంసకృత్తులను ఇచ్చేవి. పచ్చిగడ్డి విటమిన్ ఎ ఇచ్చేది. ఎండలో తిరగడం వల్ల విటమిన్ డి ఒంట్లోనే తయారయ్యేది. పెంటకుప్పలో సూక్ష్మజీవులు తయారు చేసిన బి12 పురుగులతోపాటు కడుపులోకి వెళ్లేది. గోడ నుంచి రాలిన సున్నపు పెచ్చులు, వాగు ఒడ్డున గవ్వల ముక్కలు గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియం సమకూర్చేవి. తనకు ఏది కావాలో అది వెతుక్కునే అవకాశం కోడికి ఉండేది. అయితే ఇలా పెరిగిన నాటు కోడి ఏడాదికి పెట్టే గుడ్లు అరవైకి అటూ ఇటూగానే ఉండేవి. నడిచే దూరానికి, పొదిగే కాలానికి, పిల్లలను సాకడానికి దాని శక్తిలో పెద్ద భాగం ఖర్చయ్యేది.

పందెం కోళ్ల మేత మాత్రం అప్పటికే ఒక పద్ధతి ప్రకారం సాగేది. గోదావరి, కృష్ణా జిల్లాల్లో అసీల్ పుంజులను సంక్రాంతికి నెలల ముందు నుంచే తయారు చేస్తారు. జొన్నలు, సజ్జలు, చోళ్లు నానబెట్టి కొలిచి పెడతారు. ఉడికించిన గుడ్డు, కైమా, బాదం పప్పు వేళ ప్రకారం ఇస్తారు. పుంజు ఒళ్లు బరువెక్కకుండా, కండ మాత్రం గట్టిపడేలా మేతను సరిచేయడం వారికి తరతరాలుగా వచ్చిన విద్య. తిండిని బట్టి పక్షి తీరు మారుతుందన్న ఎరుక తెలుగు పల్లెకు కొత్తది కాదని ఇది చెబుతుంది. ఎందుకు మారుతుందన్న సంగతి తేలడానికి మాత్రం ప్రయోగశాల కావలసి వచ్చింది.

తౌడు విలువ తెలిసిన తీరు

తౌడులో ఏముందో లోకానికి మొదట చెప్పినవి కోళ్లే. డచ్చి పాలనలో ఉన్న జావా దీవిలో, బటావియా నగరంలో, క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద పరిశోధన చేస్తుండేవాడు. ఆయన ప్రయోగశాలలోని కోళ్లకు కాళ్లు పట్టు తప్పి, నడవలేక కూలబడే జబ్బు వచ్చింది. సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన పాలిష్ బియ్యపు అన్నం వాటికి మేతగా వేసినన్నాళ్లూ ఆ జబ్బు కొనసాగింది. కొత్తగా వచ్చిన వంటవాడు ఆ అన్నం ఇవ్వడానికి ఒప్పుకోకపోవడంతో కోళ్లకు ముడి బియ్యం వేయవలసి వచ్చింది. అవి కోలుకున్నాయి. 1890లలో ఐక్‌మన్ ఈ తేడాను పట్టుకుని వరుసగా ప్రయోగాలు చేశాడు. బియ్యం మీది పొరలో జబ్బును అడ్డుకునే పదార్థమేదో ఉందని తేలింది. ఆయన తర్వాత ఆ పని చేపట్టిన గెరిట్ గ్రైన్స్, ఇది విషం వల్ల వచ్చిన జబ్బు కాదని, తిండిలో ఒక అవసరమైన వస్తువు లోపించడం వల్ల వచ్చిందని 1901లో వివరించాడు. 1912లో కాసిమిర్ ఫంక్ ఇలాంటి పదార్థాలకు ‘విటమిన్’ అని పేరు పెట్టాడు. 1926లో జాన్సెన్, డోనాత్ అనే శాస్త్రవేత్తలు జావాలోనే తౌడు నుంచి ఆ పదార్థాన్ని, అంటే నేటి విటమిన్ బి1ను, శుద్ధ రూపంలో వేరు చేశారు. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి దక్కింది.

ఈ పరిశోధనకు తెలుగు తీరంతో నేరుగా సంబంధం ఉంది. మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి పాతుకుపోయిన ప్రాంతం ఉత్తర సర్కారులే. పచ్చి వడ్లను మర పట్టించి తెల్లగా తినే అలవాటు పెరిగిన కోస్తా జిల్లాల్లో జనం ఈ వ్యాధితో బాధపడ్డారు. కూనూరులో రాబర్ట్ మెకారిసన్ నడిపిన ప్రయోగశాల 1920లలో బియ్యానికి, బెరిబెరికి గల సంబంధాన్ని పక్షుల మీద పరీక్షించింది. ఆ ప్రయోగశాలే తర్వాత పెరిగి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. మనిషి తెల్లటి అన్నం కోసం వదిలేసిన పొరలోనే బలమంతా ఉందని తేలాక, తౌడు మేతగా విలువ పెరిగింది.

కోడి షెడ్డులోకి వచ్చాక

కోళ్లను వందల్లో ఒకచోట కట్టిపెట్టి పెంచడానికి 1920ల దాకా పెద్ద అడ్డంకి ఉండేది. ఎండ తగలని పిల్లలకు ఎముకలు వంగి కాళ్లు సొట్టపోయేవి. కాడ్ చేప కాలేయపు నూనె మేతలో కలిపితే ఈ జబ్బు రాదని, అందులోని విటమిన్ డి ఎండకు బదులుగా పనిచేస్తుందని అమెరికా, ఐరోపాల్లో తేలింది. దాంతో ఏడాది పొడవునా కోడి షెడ్డులోనే బతకగలిగింది. పక్షులకు డి3 రూపమే బాగా ఉపయోగపడుతుందని, మొక్కల నుంచి వచ్చే డి2 అంతగా పనికిరాదని తర్వాత గుర్తించారు. నేటికీ దాణాలో కలిపే విటమిన్ల మిశ్రమం (ప్రీమిక్స్) సంచి మీద డి3 అనే రాసి ఉండటానికి కారణం ఇదే.

రెండో అడ్డంకి మరింత కాలం మిగిలింది. మొక్కల నుంచి వచ్చిన సరుకులతోనే దాణా కలిపితే పిల్లలు సరిగా ఎదిగేవి కావు. కొంచెం చేపల పొడో, మాంసపు పొడో కలిపితే ఎదిగేవి. వాటిలో తెలియని జంతు సంబంధ పదార్థమేదో ఉందని శాస్త్రవేత్తలు అనుకునేవారు. అది విటమిన్ బి12 అని 1948లో తేలింది. వరిపొట్టు పరచి పెంచే డీప్ లిట్టర్ పద్ధతిలో ఈ లోటు కొంత తీరేది. రెట్టతో కలిసిన పొట్టులో సూక్ష్మజీవులు బి12 తయారు చేసేవి, కోడి గెలుకుతూ దాన్ని తినేది. కోళ్లు పొట్టు మీద నుంచి తీగల కేజ్‌లలోకి మారినప్పుడు ఆ మార్గం మూసుకుపోయింది. అప్పటి నుంచి అణువంత బి12 కూడా సంచిలోంచే రావలసి వచ్చింది. పక్షి స్వేచ్ఛ ఎంత తగ్గితే దాణా కలిపేవారి బాధ్యత అంత పెరుగుతుందన్నది ఈ మార్పు నేర్పిన పాఠం.

ఫారాలు వెలిసిన కాలం

రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో దేశంలో ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి కార్యక్రమం ఊపందుకుంది. ప్రాంతీయ ఫారాల నుంచి వైట్ లెగ్‌హార్న్ లాంటి విదేశీ జాతుల పిల్లలు రైతులకు అందాయి. 1960లలో గుడ్ల కోసం పెంచే సంకర జాతి లేయర్ పిల్లలు వాణిజ్య స్థాయిలో రావడం మొదలైంది. 1971లో డాక్టర్ బి.వి.రావు వెంకటేశ్వర హ్యాచరీస్ సంస్థను స్థాపించడంతో మేలు జాతి పిల్లల సరఫరా, టీకాలు, దాణా సలహా రైతు గుమ్మం దాకా వచ్చాయి.

తూర్పు గోదావరిలో అనపర్తి, పశ్చిమ గోదావరిలో తణుకు పరిసరాలు గుడ్ల ఉత్పత్తికి కేంద్రాలయ్యాయి. కృష్ణా, విశాఖపట్నం, చిత్తూరు జిల్లాల్లో, హైదరాబాద్ చుట్టుపక్కల ఫారాలు పెరిగాయి. గోదావరి జిల్లాలు ముందుకు రావడంలో దాణా సరుకుకు పెద్ద పాత్ర ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వరి సీమ అయింది. ఊరూరా బియ్యం మిల్లులు వచ్చాయి. 1960ల చివర అధిక దిగుబడి వరి వంగడాలు రావడంతో మిల్లులకు ధాన్యం, మిల్లుల నుంచి తౌడు, నూకలు ఇంకా పెరిగాయి. తౌడు అక్కడే, చేపలు పక్కనున్న తీరంలోనే, గుడ్ల బేరానికి ఒడిశా, బెంగాల్, అస్సాంలకు వెళ్లే రైలు మార్గం దగ్గరే. ఈ మూడూ ఒకచోట కలిశాయి.

మొక్కజొన్న కథ తెలంగాణది. 1957లో మొదలైన అఖిల భారత మొక్కజొన్న పథకం ఫలితంగా 1961లో తొలి సంకర రకాలు విడుదలయ్యాయి. వాటిలో ‘దక్కన్’ ఒకటి. కరీంనగర్, నిజామాబాద్, మెదక్, వరంగల్ రైతులు మక్కలను వాణిజ్య పంటగా చేపట్టారు. కోడికి మొక్కజొన్న ప్రధానంగా శక్తినిచ్చే గింజ. దానిలోని పసుపు రంగు పదార్థాలే సొనకు రంగునిస్తాయి. మొక్కజొన్న ధర పెరిగిన ఏడాది నూకలు, జొన్నలు, సజ్జలు ఎక్కువ కలిపితే గుడ్లు తగ్గకపోయినా సొన పాలిపోతుంది. బేరగాడు గుడ్డు పగలగొట్టి చూసి ధర తగ్గిస్తాడు. బంతిపూల నుంచి తీసిన రంగు పదార్థం దాణాలో కలిపే అలవాటు ఈ అవసరం నుంచే వచ్చింది.

తౌడు నుంచి డీఓఆర్‌బీకి

తౌడు నాణ్యత మిల్లు యంత్రాన్ని బట్టి మారుతూ వచ్చింది. పాతకాలపు హల్లర్ మిల్లులో పొట్టు తీయడం, పాలిష్ పట్టడం ఒకే దెబ్బలో జరిగేవి. అందువల్ల తౌడులో ఊక పొడి, నూక కలిసిపోయేవి. ఊకలో పీచు, ఇసుక లాంటి సిలికా ఎక్కువ. అలాంటి తౌడు గేదెకు పనికొచ్చినా కోడికి బరువే. 1958 బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం తర్వాతి దశాబ్దాల్లో రబ్బరు రోల్ షెల్లర్లతో ఆధునిక మిల్లులు వచ్చాయి. ఊక వేరు, తౌడు వేరు అయింది. కోళ్ల దాణాకు తగిన శుభ్రమైన తౌడు అప్పుడే పెద్ద ఎత్తున దొరికింది.

అయితే శుభ్రమైన తౌడులో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది. మర పట్టిన గంటల్లోనే తౌడులోని లైపేజ్ అనే ఎంజైము ఆ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. పచ్చి వడ్ల తౌడు కొద్ది రోజుల్లోనే ముక్కిపోయి చేదెక్కుతుంది. ఉప్పుడు బియ్యపు తౌడులో ఆవిరి వేడికి ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి అది ఎక్కువ కాలం నిలుస్తుంది. ముక్కిన తౌడు తిన్న కోళ్లలో విటమిన్ ఎ, ఇ నిల్వలు దెబ్బతింటాయి. దాణాలో యాంటీ ఆక్సిడెంట్లు కలపడానికి ఇదొక కారణం.

సాల్వెంట్ పద్ధతిలో తౌడు నుంచి నూనె తీసే పరిశ్రమ విస్తరించాక ఈ సమస్య మరో రూపం తీసుకుంది. నూనె తీసిన తౌడును వ్యాపారులు, రైతులు డీఓఆర్‌బీ అంటారు. దాన్లో నూనె ఉండదు కాబట్టి ముక్కిపోదు, నెలల తరబడి నిలువ ఉంటుంది. మాంసకృత్తులు 15 శాతం వరకు ఉంటాయి. శక్తి మాత్రం సగానికి సగం పోతుంది, పీచు వాటా పెరుగుతుంది. లేయర్ దాణాలో దీనికి స్థిరమైన స్థానం దొరికింది. ఎదిగే వయసు పెట్టల ఒళ్లు కొవ్వెక్కకుండా ఉంచడానికి పీచు ఉపయోగపడుతుంది. మాంసం కోసం పెంచే బ్రాయిలర్ల దాణాలో మాత్రం దీనికి చోటు తక్కువ.

కొల్లేరు చుట్టూ, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో చేపల చెరువులు పెరిగాక డీఓఆర్‌బీకి పోటీ వచ్చింది. సంచులకు కన్నాలు పెట్టి, తౌడు నింపి, చెరువులో పాతిన కర్రలకు కడితే రోహు, కట్ల చేపలు వచ్చి పీల్చుకు తింటాయి. ఒకే మిల్లు తౌడు కోసం కోళ్ల రైతు, చేపల రైతు, పాడి రైతు పోటీపడే పరిస్థితి తెలుగు తీరంలో స్థిరపడిపోయింది.

వేరుశనగ చెక్క, బూజు విషం

లేయర్ ఫారాలు మొదలైన తొలి దశాబ్దాల్లో మాంసకృత్తులకు ప్రధాన ఆధారం వేరుశనగ చెక్క. రాయలసీమలో పండిన కాయ గానుగల్లో, ఎక్స్‌పెల్లర్లలో నూనె వదిలి చెక్కగా మిగిలేది. అందులో మాంసకృత్తులు 40 శాతానికి పైగా ఉంటాయి. ఇంటి పక్కనే దొరికే ఇంత బలమైన సరుకుకు అప్పట్లో సాటి లేదు.

దీని కీడు 1960లో ఇంగ్లండ్‌లో బయటపడింది. ఆ ఏడాది అక్కడ లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండే కారణమని తేలింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఆ పిండిలో వదిలిన విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఈ బూజు గిడ్డంగిలోనే కాదు, చేలోనూ పడుతుంది. కాయ ఊరే దశలో వాన మొహం చాటేసి నేల బెట్టకు వచ్చినప్పుడు, కోత తర్వాత కాయ తడిసినప్పుడు ఇది రేగుతుంది. రాయలసీమ సేద్యంలో ఈ రెండూ తరచూ జరిగేవే.

అఫ్లటాక్సిన్ మొదటి దెబ్బ కాలేయం మీద పడుతుంది. కోసి చూస్తే కాలేయం పసుపు పచ్చగా, పెళుసుగా కనిపిస్తుంది. గుడ్లు తగ్గుతాయి, పెంకు పలచబడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం కంటికి కనిపించదు: రోగనిరోధక శక్తి కుంగిపోయి, కొక్కెర తెగులుకు వేసిన టీకా సరిగా పనిచేయదు. రైతు టీకా మంచిది కాదనుకుంటాడు, తప్పు మాత్రం చెక్కలో ఉంటుంది.

దీనికి విరుగుళ్లు దశలవారీగా వచ్చాయి. మొదట మైలుతుత్తం కలిపి బూజును ఆపడానికి ప్రయత్నించారు. ఆ తర్వాత ప్రోపియోనిక్ ఆమ్లం లవణాలు వచ్చాయి. ఇవి బూజు పెరుగుదలను ఆపుతాయి గానీ అప్పటికే చేరిన విషాన్ని తీయలేవు. బెంటొనైట్ లాంటి బంకమట్టి రకాలు పేగులోనే విషాన్ని తమకు అంటించుకుని రెట్టతో బయటికి పంపుతాయని 1980లలో రుజువయ్యాక టాక్సిన్ బైండర్లు దాణాలో భాగమయ్యాయి. ఈస్టు కణాల పొర నుంచి తీసినవి తర్వాత వచ్చాయి. మరోవైపు, 1972లో పటాన్‌చెరులో స్థాపించిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో గుర్తించే పరీక్షా కిట్లు రూపొందించింది. కొనే ముందు పరీక్షించడం, కొన్నాక బైండర్ కలపడం: ఈ రెండింటిలో మొదటిదే చౌక అని అనుభవం చెప్పింది.

సోయా రాక, చేప నిష్క్రమణ

1970ల తర్వాత మధ్యప్రదేశ్‌లో సోయా చిక్కుడు సాగు, దానితో నూనె మిల్లులు విస్తరించాయి. నూనె తీసిన సోయా పిండిలో మాంసకృత్తులు 45 శాతానికి పైగా ఉంటాయి. వేరుశనగలో కొరతగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం సోయాలో పుష్కలం, అఫ్లటాక్సిన్ బెడద తక్కువ. ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాల్లోనూ సోయా సాగైంది. క్రమంగా వేరుశనగ చెక్క తప్పుకుని సోయా ఆ స్థానంలో కూర్చుంది.

సోయాకు రెండు లోపాలున్నాయి. పచ్చి గింజలో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థం ఉంటుంది, సరైన వేడి తగిలితేనే అది నశిస్తుంది. వేడి తక్కువైతే విరేచనాలు, ఎక్కువైతే లైసిన్ మాడిపోవడం. రెండో లోపం మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం చాలకపోవడం. కోడికి ఈకలు, గుడ్డు రెండూ కావాలంటే మెథియోనిన్ తప్పదు. పూర్వం ఆ లోటును చేపల పొడి తీర్చేది. తీరంలో ఇసుక మీద ఎండబెట్టిన చేపలో ఇసుక, ఉప్పు కలిసి వచ్చేవి. ఉప్పు ఎక్కువైతే కోళ్లు నీళ్లు తాగి తాగి రెట్ట పలచబడేది. సరిగా ఎండని చేపలో సాల్మొనెల్లా చేరేది. 1940ల చివరి నుంచి రసాయన పద్ధతిలో తయారైన మెథియోనిన్, 1950ల చివరి నుంచి జపాన్‌లో పులియబెట్టే పద్ధతిలో తయారైన లైసిన్ మార్కెట్లోకి వచ్చాయి. టన్నుకు ఒకటి రెండు కిలోల మెథియోనిన్, చిటికెడు బి12తో చేప చేసే పని జరిగిపోయింది. మొక్కజొన్న, సోయా, మెథియోనిన్ త్రయం మీద నేటి దాణా నిలబడింది.

యాంటీబయాటిక్: భీమవరం పేరుతో ముడిపడిన అధ్యాయం

ఫీడ్ అడిటివ్‌ల చరిత్రలో అన్నిటికన్నా వివాదాస్పదమైన అధ్యాయం అమెరికాలో మొదలైంది. దాని వెనుక ఉన్న ప్రయోగశాలకు నాయకుడు తెలుగువాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి సారథ్యం వహించాడు. ఫోలిక్ ఆమ్లం తయారీ ఆయన బృందం సాధించిన ఘనతల్లో ఒకటి. ఆయన నేతృత్వంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుగొన్నాడు. అది 1948లో లోకానికి వెల్లడైంది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు.

ఆ తర్వాత అదే సంస్థలో రాబర్ట్ స్టోక్‌స్టాడ్, థామస్ జూక్స్ కోడిపిల్లలకు చౌకగా బి12 అందించే మార్గం వెతికారు. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన మడ్డిలో బి12 ఉంటుందని దాన్ని మేతలో కలిపి చూశారు. ఇక్కడా ఉపఉత్పత్తే ఆధారం. పిల్లలు బి12 లెక్కకు మించి ఎదిగాయి. మడ్డిలో మిగిలిన కొద్దిపాటి యాంటీబయాటికే కారణమని తేలింది. 1950లో ఈ సంగతి ప్రకటించారు. 1951లో అమెరికా ప్రభుత్వం యాంటీబయాటిక్‌లను మేతలో కలపడానికి అనుమతించింది. తక్కువ మోతాదులో రోజూ కలిపితే పేగులోని కొన్ని సూక్ష్మజీవులు తగ్గి, తిన్న తిండి ఒంటపడుతుంది. మేత ఖర్చు తగ్గించే ఈ పద్ధతి దేశదేశాలకూ, తెలుగునాటికీ పాకింది.

చిక్కు కూడా ఆ రోజువారీ చిన్న మోతాదులోనే ఉంది. బతికి బయటపడిన సూక్ష్మజీవులు మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి, ఆ గుణాన్ని ఇతర జాతులకూ అందిస్తాయి. 1969లో బ్రిటన్‌లో స్వాన్ కమిటీ ఈ ప్రమాదాన్ని హెచ్చరించింది. 1986లో స్వీడన్ ఎదుగుదల కోసం యాంటీబయాటిక్‌ల వాడకాన్ని నిషేధించింది. 2006 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య మొత్తం అదే బాట పట్టింది. 2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 70 కోడిమాంసం నమూనాలను పరీక్షించి 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని ప్రకటించింది. 2015లో చైనా శాస్త్రవేత్తలు కొలిస్టిన్‌ను తట్టుకునే జన్యువు ఒక సూక్ష్మజీవి నుంచి మరొకదానికి చేరుతోందని చూపారు. మనుషుల ఆసుపత్రుల్లో ఇతర మందులన్నీ విఫలమైనప్పుడు వాడే మందు కొలిస్టిన్. 2019 జూలైలో భారత ప్రభుత్వం కోళ్లకు, ఇతర ఆహార జంతువులకు, వాటి దాణాకు కొలిస్టిన్ తయారీ, అమ్మకం నిషేధించింది. ఒక పక్షి కాస్త ముందుగా బరువెక్కడం కోసం మనిషి ఆఖరి మందును పోగొట్టుకోవడం లాభసాటి బేరం కాదు.

యాంటీబయాటిక్ వదిలిన ఖాళీని ఒకే వస్తువు పూడ్చలేదు. మేలు చేసే సూక్ష్మజీవులతో తయారైన ప్రోబయాటిక్‌లు, వాటికి ఆహారమయ్యే ప్రీబయాటిక్‌లు, పేగులో పులుపు పెంచే సేంద్రియ ఆమ్లాలు, పసుపు, వెల్లుల్లి, ఉసిరి లాంటి మూలికా మిశ్రమాలు కలిసి ఆ పని చేస్తున్నాయి. వీటి ఫలితం షెడ్డు శుభ్రతను బట్టి ఉంటుంది. తడి లిట్టర్, మురికి నీటి పైపులు ఉన్న చోట ఇవి పనిచేయవు.

పెంకు, భాస్వరం, ఎంజైము

ఒక గుడ్డు పెంకులో రెండు గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఏడాదికి మూడు వందలకు పైగా గుడ్లు పెట్టే పెట్ట తన ఒంట్లోని కాల్షియానికి ఎన్నో రెట్లు పెంకుల రూపంలో బయటికి పంపుతుంది. పెంకు ఎక్కువగా రాత్రిపూట, కోడి మేత తినని వేళ తయారవుతుంది. అందుకే లేయర్ దాణాలో సున్నపురాయిని మెత్తటి పొడిగానే కాకుండా గులకలాంటి ముక్కలుగా కూడా కలుపుతారు. ఆ ముక్కలు కందనకాయలో నిలిచి రాత్రంతా మెల్లగా కరుగుతాయి. పూర్వం ఆల్చిప్పలు, గవ్వల పొడి ఈ పని చేసేవి. రాతి క్రషర్ల నుంచి వచ్చే స్టోన్ గ్రిట్ ఆ స్థానం తీసుకుంది.

భాస్వరం సంగతి వేరు. గింజల్లోని భాస్వరంలో మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో బంధించి ఉంటుంది. తౌడులో ఆ వాటా ఇంకా ఎక్కువ. దాన్ని విడగొట్టే ఎంజైము కోడికి చాలదు. అందువల్ల దాణాలో భాస్వరం నిండా ఉన్నా డైకాల్షియం ఫాస్ఫేట్ (డీసీపీ) వేరుగా కొనవలసి వచ్చేది. 1991లో నెదర్లాండ్స్‌లో ఫైటేజ్ ఎంజైము మార్కెట్లోకి వచ్చింది. పశువుల ఎరువులోని భాస్వరం నీటిని పాడుచేయకుండా చూడటం అక్కడి లక్ష్యం. తెలుగు రైతుకు దాని ఉపయోగం మరో వైపు నుంచి కనిపించింది: డీఓఆర్‌బీలో బందీగా ఉన్న భాస్వరం విడుదలై డీసీపీ ఖర్చు తగ్గింది. పొద్దుతిరుగుడు చెక్క, డీఓఆర్‌బీల్లోని పీచును విడగొట్టే జైలనేజ్ లాంటి ఎంజైములు కూడా ఇదే వరుసలో వచ్చాయి. చౌక సరుకును మెరుగైన సరుకుగా మార్చే పని ఎంజైములది.

ఒక టన్ను దాణా

గోదావరి జిల్లాల్లోని లేయర్ ఫారాల్లో చాలా వాటికి సొంత దాణా మిల్లు ఉంటుంది. టన్ను లేయర్ దాణాలో మొక్కజొన్న సుమారు సగం, సోయా పిండి ఐదో వంతు దరిదాపు, స్టోన్ గ్రిట్ పదో వంతు ఉంటాయి. మిగిలిన చోటులో డీఓఆర్‌బీ, నూకలు, పొద్దుతిరుగుడు చెక్క ధరను బట్టి మారుతుంటాయి. ఉప్పు మూడు నాలుగు కిలోలు, మెథియోనిన్ కిలోకు కాస్త అటూ ఇటూ, టాక్సిన్ బైండర్ కిలో, విటమిన్లు అర కిలోలోపు, ఫైటేజ్ వంద గ్రాముల లెక్కలో పడతాయి. గ్రాముల్లో ఉన్న వాటిని నేరుగా మిక్సర్లో వేస్తే ఒకచోటే ఉండిపోతాయి. అందుకని వాటిని ముందు కొంత మొక్కజొన్న పిండితోనో తౌడుతోనో కలిపి, ఆ మిశ్రమాన్ని మిక్సర్లో పోస్తారు.

సరుకు కొనేటప్పుడు జరిగే పరీక్షలు తరాల అనుభవంతో వచ్చినవి. మొక్కజొన్న గింజను పంటి కింద పెట్టి కొరికితే టక్కున విరగాలి, మెత్తగా అణిగితే తేమ ఉన్నట్టే. తౌడును నీళ్లలో వేస్తే కలిసిన ఊక పైకి తేలుతుంది. సున్నపు పొడి కల్తీ అయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయగానే నురగ వస్తుంది. మాంసకృత్తుల శాతం పెంచి చూపడానికి యూరియా కలిపిన సరుకును పచ్చి సోయా పిండితో తడిపితే అమ్మోనియా ఘాటు వస్తుంది. సోయా సరిగా వేడి పడిందో లేదో తెలుసుకోవడానికి ఇదే సూత్రాన్ని తిప్పి వాడతారు: యూరియా ద్రావణంలో ఘాటు వాసన లేస్తే పిండి ఇంకా పచ్చిగా ఉన్నట్టు.

ధరలు, పోటీ, నేటి స్థితి

గుడ్డు ఉత్పత్తి ఖర్చులో మూడింట రెండు వంతులకు పైగా దాణాదే. 1982లో బి.వి.రావు చొరవతో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడి, గుడ్డు ధర ప్రకటించే అధికారాన్ని దళారుల నుంచి రైతుల వైపు తిప్పింది. దాణా ధర మీద మాత్రం రైతుకు అలాంటి పట్టు రాలేదు. సోయా పిండి ధర మండిపోయిన 2021లో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి అనుమతించింది. 2023 జూలైలో డీఓఆర్‌బీ ఎగుమతిని నిషేధించింది. మొక్కజొన్న, నూకలు ఇథనాల్ తయారీకి మళ్లడంతో గింజ ధర పెరిగింది. ఇథనాల్ తీశాక మిగిలే డీడీజీఎస్ అనే పిండి దాణా మార్కెట్లోకి వచ్చింది. బియ్యం నుంచి వచ్చే డీడీజీఎస్‌లో మాంసకృత్తులు బాగా ఉన్నా లైసిన్ తక్కువ, గింజలో ఉన్న బూజు విషం ఇందులో మూడు రెట్ల దాకా పెరిగి చేరుతుంది. తౌడు, చెక్క, సోయా నడిచిన దారిలోనే ఈ కొత్త సరుకూ నడుస్తోంది. బైండర్, లైసిన్, ఎంజైము దీని వెంట తప్పనిసరి.

పెరటి కోడి కూడా ఈ చరిత్రలో వెనకబడిపోలేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. ఇవి ఇంటి నూకలు, తౌడు, వీధి మేతతోనే నాటు కోడికి రెట్టింపుకు పైగా గుడ్లు పెడతాయి. కొద్దిగా సున్నపు పొడి, లవణ మిశ్రమం అందిస్తే చాలు.

ఆంధ్రప్రదేశ్ నేడు దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానంలో ఉంది, తెలంగాణ ముందు వరుసలో ఉంది. నూరేళ్లకు పైబడిన ఈ దాణా చరిత్ర రైతుకు అందించిన నియమాలు మూడు. దగ్గర్లో దొరికే ఉపఉత్పత్తిని వదులుకోకూడదు, కానీ పరీక్షించకుండా సంచి విప్పకూడదు. అడిటివ్‌ను ఏ లోటు కోసం కలుపుతున్నారో తెలిసే కలపాలి. కారణం తెలియకుండా కలిపినది ఖర్చే. కోడి కడుపులోకి వెళ్లింది గుడ్డులోకి, మాంసంలోకి, అక్కడి నుంచి పిల్లల కంచంలోకి చేరుతుంది కాబట్టి, దాణా లెక్కలో మనిషి ఆరోగ్యాన్ని కూడా ఒక పద్దుగా రాసుకోవాలి.